లావు చువ్వ మోజు

మగపిల్లలకి అంకెలంటే ఉన్న మోజు ఇంతా అంతా కాదు. అందులోనూ పక్కవాడి దానికంటే పెద్ద అంకె అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. టీవీ 43 అంగుళాలు చాలదు, 55 ఉండాలి. ఫోను కెమెరాకి ఎన్ని మెగాపిక్సెల్సో నిద్రలో లేపి అడిగినా చెబుతారు గాని, దాంతో తీసిన ఫోటో ఒక్కటైనా ప్రింటు వేయించి ఆల్బంలో పెట్టిన పాపాన పోరు. పోనీలెండి, ఆ అంకెలు గోడ మీదా జేబులోనూ ఉన్నంతకాలం నష్టం డబ్బుతో పోతుంది. అదే అంకె కారు అడుగుకి చేరిందనుకోండి, అప్పుడో? ఆ కారు వెనక సీట్లో కూర్చునేది మనం, మన అత్తగార్లు, మన మనవలు. కనుక ఈ వ్యవహారంలో మనకీ నోరుండాలన్నది నా వాదన.

కొన్ని కార్లకి వెనక చక్రాల మధ్య అడ్డంగా ఒక ఉక్కు చువ్వ ఉంటుంది. అమెరికాలో దాన్ని స్వే బార్ అంటారు, ఇంగ్లండులో యాంటీ రోల్ బార్ అంటారు, మన మెకానిక్కులు స్టెబిలైజర్ రాడ్ అంటారు. పేరేదైతేనేం, కారు మలుపు తిరిగేటప్పుడు ఒక పక్కకి మరీ ఒరిగిపోకుండా కాస్త పట్టి ఉంచడం దాని పని. డల్లాస్ వైపు ఫ్రిస్కోలో ఉంటున్న మా అక్కయ్య కొడుకు, కిందటేడు నేనక్కడ ఉన్న రోజుల్లోనే, కంపెనీ ఇచ్చిన చువ్వ తీయించి ఇంకా లావుది వేయించాలని అట్టపెట్టె తెప్పించాడు. కారుతో వచ్చింది 18 మిల్లీమీటర్ల చువ్వ. తెప్పించింది 24.

"ఆరు మిల్లీమీటర్లేగా పిన్నీ, శనగగింజంత తేడా" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలూ ఫిజిక్సూ చెప్పినదాన్ని. శనగగింజ అంటే ఊరుకుంటానా? కాగితం, పెన్సిలు తెమ్మన్నాను.

గుండ్రటి చువ్వని మెలితిప్పాలంటే ఎంత బలం కావాలన్నది దాని లావుతో పాటు మామూలుగా పెరగదు. లావు అంకెని నాలుగుసార్లు వేసి గుణించిన లెక్కన పెరుగుతుంది. 18ని అలా నాలుగుసార్లు వేసి గుణిస్తే 1,04,976. 24ని గుణిస్తే 3,31,776. అంటే శనగగింజంత తేడాకి చువ్వ బిరుసుతనం మూడింతలు దాటింది! 18 నుంచి 19కి పోతే నూటికి 24 వంతులు పెరుగుతుంది. 20కి పోతే 52. 22కి పోయేసరికి రెండింతలు దాటి ఇంకొంచెం. రెండు మిల్లీమీటర్లకీ ఆరు మిల్లీమీటర్లకీ ఉన్నది మూడు రెట్ల తేడా అనుకుంటాం; అసలు లెక్కలో పెరుగుదల ఒకచోట సగం, ఇంకోచోట రెండింతల పైన. కూరలో ఉప్పు ఒక చెంచా ఎక్కువైతే సర్దుకోవచ్చు. ఒక చెంచా అనుకుని వేసింది నాలుగు చెంచాలైతే ఎవరు తింటారు?

న్యాయంగా ఒకమాట చెప్పాలి. కారు ఒరగకుండా ఆపేది చువ్వ ఒక్కటే కాదు, స్ప్రింగులూ ఉన్నాయి. వెనక వైపు మొత్తం బిరుసుతనం నూరు పాళ్ళనుకుని, అందులో చువ్వది ముప్ఫై పాళ్ళు అనుకుంటే, చువ్వ మూడింతలైనప్పుడు మొత్తం నూట అరవై పైచిలుకు అవుతుంది గాని మూడు వందలు కాదు. అయినా నూటికి అరవై తక్కువా?

ఇప్పుడా చువ్వ ఎలా పనిచేస్తుందో చూద్దాం. బాల్చీ పిడిని తీసి నేలమీద పడుకోబెట్టినట్టు ఉంటుంది దాని ఆకారం. నడుము భాగాన్ని రెండు రబ్బరు బుష్షులతో కారు ఒంటికి పట్టిస్తారు. రెండు కొసలూ రెండు చక్రాల వైపు చేతులకి తగిలిస్తారు. స్పీడ్ బ్రేకరు మీద రెండు చక్రాలూ ఒక్కసారే లేస్తే చువ్వ ఆ రబ్బరులో ఊరికే తిరుగుతుంది, దానికి పనే లేదు. మలుపులో బయటి చక్రం వైపు కారు కుంగి, లోపలి చక్రం వైపు లేచినప్పుడు మాత్రం చువ్వ మెలిపడుతుంది, మెలిపడనని మొండికేస్తుంది. ఆ మొండితనమే కారుని నిటారుగా ఉంచుతుంది.

ఇంతవరకు వింటే లావుదే మేలు కదా అనిపిస్తుంది. ఒరగని కారు భద్రమైన కారనేది చూపుకి కనిపించే సాక్ష్యం. లావు చువ్వలు అమ్మేవాళ్ళూ ఇంతవరకే చెబుతారు. నూటికి ఇంత బిరుసు ఎక్కువ అని డబ్బా మీద గొప్పగా అచ్చువేస్తారు. ఆ తర్వాత కథ కొన్నవాడు దారిలో నేర్చుకోవాలి.

మలుపులో కారు బరువు లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదికి పోతుంది. మొత్తం ఎంత పోతుందన్నది కారు బరువు, అది ఎంత ఎత్తున ఉంది, చక్రాల మధ్య వెడల్పు, మలుపులో వేగం, ఇవి తేల్చేస్తాయి. చువ్వ దాన్ని ఇంచుమించు మార్చలేదు. అది చేయగలిగిందల్లా పంపకం. ఆ బదిలీలో ముందు జత చక్రాలు ఎంత మొయ్యాలి, వెనక జత ఎంత మొయ్యాలి అని. వెనక చువ్వ లావు చేస్తే బదిలీలో ఎక్కువ భాగం వెనక జతకి వచ్చి పడుతుంది. వెనక బయటి టైరు మీద బరువు విరుచుకుపడుతుంది, లోపలి టైరు తేలిపోతుంది.

తేలితే తేలిందిలే, ఆ బరువంతా బయటి టైరు మోస్తోందిగా అంటారా? ఇద్దరు కోడళ్ళున్న ఇల్లు తీసుకోండి. చెరి పదిమందికీ వండితే ఇరవై మంది భోజనం హాయిగా జరిగిపోతుంది. ఒకామె నెత్తిన పద్దెనిమిది మందిని పెట్టి, రెండో ఆమెకి ఇద్దర్ని ఇచ్చారనుకోండి. మొదటామె పద్దెనిమిది మందికీ వండుతుంది, కాదనను, కాని చివరి పంక్తికి చారు పలచనవుతుంది. టైరు సంగతీ అంతే. దానిమీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. కాబట్టి పంపకం ఎంత ఎగుడుదిగుడైతే ఆ జత చక్రాల మొత్తం పట్టు అంత తగ్గుతుంది. వెనక చువ్వ లావైన కారులో ముందు చక్రాలు సుఖపడి రోడ్డుని బాగా పట్టుకుంటాయి. వెనక చక్రాలు ముందుకంటే తొందరగా జారతాయి.

మావాడికి కావలసింది ఇదే! "ముక్కు ఇట్టే తిరుగుతుంది పిన్నీ, చెప్పినమాట వింటుంది" అని మురిసిపోయాడు. వాడి మురిపెం అబద్ధం కాదు. ముందు చక్రాలతో నడిచే కార్లలో ఇంజను బరువంతా ముందే ఉంటుంది కనుక, మలుపులో గట్టిగా పోతే స్టీరింగు తిప్పినంత తిరగకుండా కారు ముక్కు బయటికి జారుతుంది. వెనక చువ్వ లావు చేస్తే ఆ జాడ్యం తగ్గుతుంది. పందెం మైదానాల్లో ముందు చక్రాలతో నడిచే చిన్నకార్లు మలుపులో వెనక లోపలి చక్రం గాలిలోకి ఎత్తి, మూడుకాళ్ళ మీద పోతూ ఉండే ఫోటోలు చూసే ఉంటారు. అక్కడ అది విద్య. అక్కడ ఎదురుగా లారీ రాదు, వెనక సీటే ఉండదు, తోలేవాడు హెల్మెట్ పెట్టుకుని, జారుతుందని ముందే తెలిసి, జారడం కోసమే వచ్చినవాడు.

మరి కంపెనీవాళ్ళు కావాలనే ముక్కు జారే కారు ఎందుకు తయారుచేస్తారు? మనిషి భయపడినప్పుడు ఏంచేస్తాడో వాళ్ళు ఎరుగుదురు. భయపడగానే మనం చేసేది ఒక్కటే: యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తాం, చేతనైతే బ్రేకు నొక్కుతాం. ముక్కు జారుతున్నప్పుడు కాలు తీస్తే వేగం తగ్గి, బరువు ముందుకి వచ్చి, కారు మళ్ళీ దారిలో పడుతుంది. అమాయకుడు చేసిన పనే సరైన పని అవుతుంది. అదే తోక జారుతున్నప్పుడు కాలు తీశారో, బరువు ముందుకి దూకి వెనక చక్రాలు ఇంకా తేలికై ఇంకా జారతాయి. కారు గిర్రున తిరుగుతుంది. అప్పుడు చేయవలసింది స్టీరింగుని తోక జారినవైపే తిప్పి, సమయానికి మళ్ళీ సరిచేయడం. ఇది రెప్పపాటులో చేయాలి. రాత్రి పదకొండు గంటలకి ఆఫీసు కాల్ ముగించుకుని, వెనక బేబీ సీట్లో ఏడాదిన్నర పిల్ల ఏడుస్తుండగా, వానలో ఎక్జిట్ ర్యాంపు దిగుతున్న మా కోడలు ఇది చేయాలి! ఎందుకంటే కారు మోజు వాడిదైనా, పిల్లని డేకేర్ నుంచి తెచ్చేదీ, సరుకులకి వెళ్ళేదీ ఆ అమ్మాయే.

డల్లాసు వైపు వాన సంగతి మీకు తెలియదేమో. వారాలకొద్దీ చుక్క ఉండదు, రోడ్డు మీద నూనె మరకలూ దుమ్మూ పేరుకుంటాయి. ఒక్కసారి కుండపోత పడితే మొదటి పది నిమిషాలూ ఆ రోడ్డు నాచుపట్టిన నూతిపళ్ళెమే. మన ఊళ్ళలో తొలకరి కూడా అంతేననుకోండి.

వెనక పట్టు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంకో సంగతి చెబుతాను, ఇది చువ్వలేని కారున్న వాళ్ళకీ పనికొస్తుంది. రెండే కొత్త టైర్లు కొన్నప్పుడు వాటిని ఎక్కడ వేయించాలి? మావారితో సహా నేనెరిగిన మగవాళ్ళంతా ముందు అంటారు. స్టీరింగు అక్కడుంది, ఇంజను అక్కడుంది అంటారు. టైరు కంపెనీలు మాత్రం కొత్తవి వెనక వేయమంటాయి, ముందు చక్రాలతో నడిచే కారుకైనా సరే. అరిగిన టైర్లు వెనక ఉంటే వానలో తోక ముందు జారుతుంది, తోక జారితే మామూలు మనిషి అదుపు చేయలేడు. వెనక పట్టు కాపాడుకోమని టైరు తయారుచేసేవాళ్ళే మొత్తుకుంటుంటే, మనం డబ్బుపోసి చువ్వకొని ఆ పట్టు మనమే తీసేయడం ఏం తెలివి?

దీనికి పాత కథ ఒకటుంది. అమెరికాలో 1960 మోడలుగా షెవర్లే కంపెనీ కార్వేర్ అనే కారు తెచ్చింది. ఇంజను వెనక ఉండేది, వెనక సస్పెన్షను ఒక తరహా స్వింగ్ యాక్సిల్. తోక తొందరపడే స్వభావం గల కారన్నమాట. అటువంటిదానికి ముందు వైపు ఒక చువ్వ ఉంటే బరువు పంపకం ముందుకి మళ్ళి తోక కుదురుగా ఉండేది. ఖర్చు కలిసివస్తుందని ఆ ముందు చువ్వ వేయలేదు. 1964 మోడలుకి గాని అది అన్ని కార్లకీ రాలేదు. 1965లో రాల్ఫ్ నాడర్ వ్రాసిన పుస్తకం మొదటి అధ్యాయమే ఈ కారు మీద, దేశమంతా అట్టుడికింది. 1972లో ప్రభుత్వ సంస్థ చేయించిన పరిశీలన ఆ కారు అప్పటి తోటి కార్లకంటే అధ్వాన్నమేమీ కాదని తేల్చిందనుకోండి, ఆ వాదం ఇంకా నడుస్తూనే ఉంది. నేను చెప్పేది ఒకటే. ఒక చువ్వ ఉండటం, లేకపోవటం అనే చిన్న సంగతికి ఏళ్ళ తరబడి ఇంజనీర్లూ వకీళ్ళూ తన్నుకున్నారు. శనిత్రయోదశి నాడు గరాజులో రెంచీ పట్టుకుని రెండు గంటల్లో తేల్చేసే సంగతి కాదిది.

1997లో ఇంకోటి. బెంజి కంపెనీ చిన్నకారు ఎ-క్లాసుని స్వీడనులో ఒక పత్రికవాళ్ళు దుప్పి పరీక్ష చేశారు. రోడ్డుకి అడ్డంగా దుప్పి వస్తే ఎడమకి, వెంటనే కుడికి తిప్పడం. కారు బోర్లాపడింది. కంపెనీ అమ్మిన కార్లు వెనక్కి పిలిపించి, సస్పెన్షను సరిచేసి, జారుడుని కనిపెట్టే ఎలక్ట్రానిక్ సాధనం అన్నిటికీ పెట్టి ఇచ్చింది. అటువంటి సాధనం ఇప్పుడు అమెరికాలో 2012 మోడలు నుంచి అన్ని కార్లకీ ఉంది. "అదుందిగా పిన్నీ, అదే చూసుకుంటుంది" అన్నాడు మావాడు. అది స్టీరింగు ఎటుంది, కారు ఎటు తిరుగుతోంది అని చూసి, ఏదో ఒక చక్రానికి బ్రేకు వేసి సరిచేస్తుంది. కాని దానికి ఆ లెక్కలు నేర్పింది 18 మిల్లీమీటర్ల చువ్వ ఉన్న కారు మీద. పిల్లని ఆయాకి అప్పగించి, ఆయాకి చెప్పకుండా పిల్ల మందు మోతాదు మూడింతలు చేసినట్టుంది!

ఇక వెనక సీటు సుఖం. చువ్వ అంటే కుడి ఎడమల మధ్య బంధం. ఎడమ చక్రం గోతిలో పడితే చువ్వ కుడిపక్కనీ లాగుతుంది. ఎంత లావైతే అంత లాగుతుంది. కారు ముందుకి పోతూ తలకాయలు మాత్రం అడ్డంగా ఊగుతాయి, బొమ్మలకొలువులో తలాడించే తంజావూరు బొమ్మల్లా. మా అక్కయ్యకి మెడ అరిగి కాలరు వేసుకుంటోంది. ఆవిడని చువ్వ మార్చిన కారులో కూర్చోబెట్టి గుడికి తీసుకెళతానంటే నేను ససేమిరా అన్నాను.

ఎదుటి పక్షం మాటలూ వినాలి గదా. కంపెనీలు అన్ని కార్లకీ ఖర్చు చూసుకుంటాయి, నిజమే. కొన్ని కార్లు మరీ మొద్దుగా, స్టీరింగు తిప్పితే ఆలోచించి తిరిగేట్టు ఉంటాయి, అదీ నిజమే. అటువంటి కారుకి ఒక్క మెట్టు లావుచేస్తే హాయిగా ఉంటుందంటే కాదనను. ఆ ఒక్క మెట్టు ఎక్కడ దొరుకుతుందో కూడా చెబుతాను: అదే మోడలులో కంపెనీవాళ్ళే స్పోర్ట్ అని ఇంకో రకం అమ్ముతుంటే, దానికి వెనక చువ్వ ఎంతో చూడండి. వాళ్ళు దాన్ని ముందు చువ్వతో, స్ప్రింగులతో, టైర్లతో కలిపి ఎండలో వానలో తోలి చూసి పెట్టి ఉంటారు. అంతకు మించి పోవలసిన అవసరం వీధుల్లో తిరిగే కారుకి నాకు కనిపించదు. అసలు అంతకంటే ముందు టైర్లలో గాలి సరిగా ఉందా, పాత రబ్బరు బుష్షులు పగిలాయా చూడమంటాను. చాలాసార్లు కారు ఊగడానికి చువ్వ సన్నమవడం కారణం కాదు, దాన్ని పట్టుకున్న రబ్బరు అరగడం కారణం. నాలుగు రబ్బరు ముక్కల ఖర్చు!

అంకె చూసి మోసపోయే దారి ఇంకొకటుంది. కొన్ని చువ్వలు గొట్టాలు. 24 మిల్లీమీటర్ల గొట్టానికి గోడమందం 4 మిల్లీమీటర్లయితే, బిరుసుతనం గట్టి చువ్వలో నూటికి 80 వంతులుంటుంది, బరువు 56 వంతులే. కనుక మీద 24 అని ఉన్నంతమాత్రాన రెండు చువ్వలు ఒకటి కావు. కొసల్లో రెండు మూడు చిల్లులున్న చువ్వలూ ఉన్నాయి. వంపుకి దగ్గర చిల్లులో బిగిస్తే బిరుసు, చివర చిల్లులో బిగిస్తే మెత్తన. బిగించే మనిషిని ఏ చిల్లు అని అడిగితే తెల్లమొహం వేశాడంటే, కారు తాళం వెనక్కి పుచ్చేసుకోండి. మరీ లావు చువ్వ వేస్తే దాన్ని పట్టుకునే రేకు చీలిపోయే కార్లు కూడా ఉన్నాయి.

మన దేశంలో ఇంకో చిక్కుంది. ఇక్కడ చాలా చిన్న కార్లకి వెనక చువ్వ విడిగా ఉండనే ఉండదు. రెండు చక్రాలని కలిపే దూలమే మెలిపడుతూ ఆ పని చేస్తుంది. దానికి అదనపు చువ్వ తగిలిస్తామని చెప్పే షెడ్లు లేకపోలేదు. కంపెనీ ఇచ్చిన తీరుకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ గట్టిగా చెప్పింది. ఏ మార్పు దానికిందికి వస్తుందో రవాణా ఆఫీసులో కనుక్కోవాలి. బీమా కంపెనీకి చెప్పకుండా మార్చితే రేపు క్లెయిము దగ్గర పేచీ రావచ్చు, అదొకటి.

ఇంత విన్నాక మావాడు చివరికి అన్న మాట, "ఇది మగవాళ్ళ సంగతి, మీకెందుకు పిన్నీ" అని. వాడి పెళ్ళాం అప్పుడే లోపలికొచ్చి "ఆ కారు రోజూ తోలేది నేను" అంది. ఆ ఒక్క మాట మీ ఇంట్లోనూ పనికొస్తుంది, అరువుకి తీసుకోండి. మీ ఇంటికీ అటువంటి పొడుగాటి అట్టపెట్టె వస్తే మీద అంకె చదవండి, కారుతో వచ్చినదెంతో అడగండి, రెండూ కాగితం మీద వేసి నాలుగుసార్లు గుణించమనండి. ఈ పనంతా టేపు విప్పకముందే చేయాలి సుమండీ. విప్పిన పెట్టె చాలా కొట్లు వెనక్కి తీసుకోవు.